వెనక సీటు బరువు

అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయురాలు ప్రియదర్శిని మేడమ్ గారికి, మర్పల్లి నుంచి, మోమిన్‌పేట్ నుంచి పొద్దున్నే బస్సెక్కి ఇంత దూరం తాండూరు దాకా వచ్చిన పాత విద్యార్థులకు, ముందు వరుసలో కూర్చున్న జమాలున్నీసా భాభీకి, మెడలో పడ్డ దండల బరువుకే కుర్చీలో ఓ పక్కకు ఒరిగిపోయిన మా ఫిజిక్స్ సారు నజీర్ భాయ్‌కి నమస్కారం, ఆదాబ్.

లెక్కల సారు కుమారస్వామి మైకు పట్టుకుంటే చప్పట్లు కొట్టేవాళ్లకంటే గడియారం చూసుకునేవాళ్లే ఎక్కువని నాకు తెలుసు. (నవ్వులు) ఈరోజు ఈ వీడ్కోలు సభలో మాట్లాడాల్సిన విషయం కూడా నేను ఎంచుకున్నది కాదు. ఆదివారం నజీర్ భాయ్ ఇంటికి వెళ్తే మంచంలోంచే హుకుం జారీ చేశాడు. "స్వామీ, సభల నా బీమారి ముచ్చట ఎత్తినవంటే లేచి పోత. అందరు ఏడుస్తే నాకు పరేషాన్. నీ బండి మైలేజీ గురించి చెప్పు, జర నవ్వుతరు" అన్నాడు. సరేనని మాట ఇచ్చాను. కాబట్టి మైలేజీ గురించే చెబుతాను.

కొత్తగా వచ్చిన మాస్టర్లకు తెలియకపోవచ్చు. మా ఇద్దరి ఇళ్లూ వికారాబాద్‌లో. రైలు వేళకూ బడి గంటకూ ఎన్నడూ కుదరలేదు, అందుకని ఏళ్ల తరబడి ఇద్దరం ఒకే బండి మీద వచ్చాం. నడిపేది నేను, వెనక సీటు మీద రెండు టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని నన్ను నడిపేది ఆయన. టైర్లలో గాలి తగ్గితే ఇంజను మీద భారం పడుతుందని, చైను బిగుతైనా వదులైనా పెట్రోలు తాగుతుందని, ఎయిర్ ఫిల్టర్లో ఈ తాండూరు బండల దుమ్ము పేరుకుంటే బండికి ఊపిరాడదని, నలభై యాభై మధ్య వేగం దాటొద్దని, రైల్వే గేటు పడితే ఇంజను ఆపాలని నేను స్టాఫ్ రూములో ఉపన్యాసాలిస్తుంటే, ఆయన మాత్రం దారి పొడవునా నా వీపు వెనక నుంచి "క్లచ్ ఇడువు, స్వామీ! బ్రేక్ మీదికెళ్లి కాలు తియ్యి!" అని అరిచేవాడు. శ్రీను సారూ, మీరు నవ్వకండి, మీ బండి చైను చప్పుడు వినపడగానే పిల్లలు తరగతుల్లోకి పరిగెత్తుతారు. (నవ్వులు)

ట్యాంకు నింపించిన ప్రతిసారీ మీటరు రీడింగు సుద్దముక్కతో ట్యాంకు మీదే రాసుకోవడం నా అలవాటు. ఇద్దరం ఎక్కి అనంతగిరి ఘాట్ రోడ్డు మీద వచ్చే బండికి లీటరుకు యాభై ఐదు దాటేది కాదు. నిరుడు వానాకాలం పోయాక ఇక్కడి మెకానిక్ చంద్రప్ప దగ్గర కార్బొరేటర్ శుభ్రం చేయించాను. దసరా నాటికి యాభై ఎనిమిది వచ్చింది. దీపావళి దాటాక అరవై దాటింది. నా సంబరం చూడాలి మీరు! స్టాఫ్ రూములో అందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంచాను. చంద్రప్పకు చాయ్ తాగిస్తే అతను తల గోక్కుని, "నేనేం జేయలే సారూ, గా ప్లగ్గు తుడిచిన, గంతే" అన్నాడు. వినయం కొద్దీ అంటున్నాడనుకున్నాను. నజీర్ భాయ్ కూడా బిస్కెట్టు చేతిలో పట్టుకుని నవ్వాడు. తినలేదు. అప్పుడు అది నేను గమనించలేదు.

సంక్రాంతి సెలవుల తర్వాత హైదరాబాద్ ఆసుపత్రిలో నజీర్ భాయ్ కడుపులో గడ్డ ఉందన్నారు. ఆ రోజు వరండాలో భాభీ నాతో, "భయ్యా, దసరా సంది బెల్టుకు కొత్త బొక్కలు పొడుచుకుంటుండు. అడిగితే వాకింగ్ చేస్తున్న అంటడు" అన్నారు. అప్పుడర్థమైంది నాకు. బాగుపడింది నా బండి కాదు. వెనక కూర్చున్న మనిషి కరిగిపోతున్నాడు. దానికి మేం బిస్కెట్లు తిన్నాం.



ఆయన్ను అడిగాను. మైలేజీ ఎందుకు పెరుగుతోందో నీకు తెలుసా అని. "ఫిజిక్స్ చెప్పెటోనికి తెల్వదా? బరువు తగ్గితే పెట్రోలు తక్కువ కాలుతది. నువ్వు గంత ఖుషీగ ఉంటివి. గా ఖుషీ ఎట్ల చెడగొట్టాలె?" అన్నాడు.

నజీర్ భాయ్, జబ్బు మాట ఎత్తితే లేచి పోతానన్నావు. ఎత్తాను. నువ్వు లేవలేదు. నా మీద దయతో కాదు, లేచే ఓపిక లేకనే అని నాకు తెలుసు. నన్ను క్షమించు, ఇంతమంది ముందు ఇంకా నవ్వించడం నావల్ల కాదు. డాక్టర్లు ఏ మాటా గట్టిగా చెప్పడం లేదు. నువ్వు స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం మీద సంతకం చేశావు. నాకింకా రెండేళ్ల సర్వీసు ఉంది. సంక్రాంతి సెలవుల తర్వాత నుంచి ఒక్కణ్నే వస్తున్నాను. బండి ఘాట్ ఎక్కుతుంటే అసలు కష్టపడటం లేదు. పోయిన వారం డెబ్బై ఇచ్చింది. సుద్దముక్క తీసి కూడా రాయలేకపోయాను. పైన మలుపు దగ్గర క్లచ్ సగం పట్టుకుని కాసేపు కావాలనే నడుపుతున్నాను. ఎవరూ తిట్టడం లేదు.

మిత్రులారా, మైలేజీ పెంచుకునే ఉపాయాలన్నీ చెప్పాను, మీకు పనికొస్తే వాడుకోండి. నాకు మాత్రం నా పాత యాభై ఐదు కావాలి. ఆయన మళ్లీ తిని, బరువెక్కి, వెనక కూర్చుంటే బండి నలభై ఇచ్చినా నాకు ఫికర్ లేదు.

సభ ఏర్పాటు చేసిన మేడమ్ గారికి, ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. భాభీ, మీకొక్క మనవి. ఆయన్ను కారులో తెచ్చారు, కారులోనే తీసుకెళ్తారు, సరే. కానీ కారు బడి గేటు బయట ఉంది. అక్కడి దాకా నా వెనక కూర్చోనివ్వండి. టైర్లలో గాలి సరిచూసే ఉంచాను. మెల్లగా నడుపుతాను. మీటరు వైపు చూడను.

సెలవు.