గాలిమరకి వచ్చిన దొరసాని

ఇప్పుడా మీకు నా గుమ్మం గుర్తొచ్చింది, దొరసానీ? ఆ బస్తా మీద కూర్చోండి. పిండి అంటుకుంటుంది మరి, గాలిమరలో ఇంకేం అంటుకుంటుంది?

ఏడవకండి. మీరు చెప్పింది వినపడింది. కొత్త ప్రభుత్వపు నీలికోటు సైనికులు ఊళ్ళోకి దిగారు. ఉర్బేన్ మిమ్మల్ని చూడ్డానికి పల్లపు దారిన వస్తున్నాడు. నేను మర రెక్కల్ని సిలువలా నిలబెడితే ఆపదని తెలుసుకుని వెనక్కి పోతాడు. అంతేగా? మా వాందే సీమలో పసిపిల్లలకీ తెలిసిన గుర్తే. మీకెవరు చెప్పారు, అతనేనా? ఆహా, అన్నీ చెప్పాడన్నమాట.

మరి నా సంగతి? పెళ్ళామని చెప్పాడా, మర నడిపే మనిషని చెప్పాడా?

పిండి తర్వాత దులుపుకోవచ్చు, ఇటు చూడండి.

మూడేళ్ళు కాపురం చేశానండీ. ఊరి చర్చిలో, అందరి ముందూ చేసుకున్నాడు నన్ను. అప్పుడున్న పాదిరి పోపుని కాదని కొత్త ప్రభుత్వానికి ప్రమాణం చేసినవాడట. నాకేం తెలుసు? అంగీ వేసుకుని బలిపీఠం దగ్గర నిలబడ్డవాడే పాదిరి అనుకున్నాను.

ఆ ప్రభుత్వం మీద తిరుగుబాటు మొదలయ్యాక అతని కోటు మీద మనవాళ్ళ గుర్తుగా ఎర్రగుడ్డతో యేసు హృదయం కుట్టింది ఎవరనుకున్నారు? ఈ చేతులే. ఆ కోటేసుకుని అడవిలోకి పోయినవాడు ఓ మధ్యాహ్నం వచ్చాడు. క్యాబేజీ చారు తాగాడు, మూతి తుడుచుకున్నాడు.

"జాకిన్, ప్రమాణం చేసిన పాదిరి కట్టిన పెళ్ళి దేవుడి ముందు చెల్లదటే. అడవిలో దాక్కున్న మన పాత పాదిరిగారు చెప్పారు" అన్నాడు.

అయితే ఆయన చేతే మళ్ళీ చేయించుకుందాం, ఇప్పుడే వస్తాను పద అన్నాను. చెక్కబూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడర్థమైంది. ఆ పాదిరి చేత అప్పటికే మిమ్మల్ని చేసుకొచ్చాడు.

నా కూతురికి బాప్తిస్మం ఇచ్చిందీ ఆ ప్రమాణం పాదిరే. మరి అదెవరి కూతురయ్యా అనడిగాను. లేచి గుమ్మం దాటాడు. ఇంకొకర్ని ఇష్టపడ్డానని చెప్పుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మోసం చేశాడండీ! అదీ నా కడుపుమంట.

ఏంటీ, మీకు తెలీదా? నమ్ముతాను. మీకెందుకు చెబుతాడు?

రెక్కలా? లేవకండి. పొద్దున కొండ కింద ఆ సైనికుల టోపీలు కనపడగానే నిలబెట్టేశాను. ఇంత గాలికి తిరగలి తిరగట్లేదేమని మీకు అనుమానమే రాలేదూ? ఒట్టు, ఏటవాలుగా పెట్టి రమ్మని పిలుద్దామనే అనుకున్నాను. అంత కసి ఉంది. చెయ్యి నా మాట వినలేదు.

ఈ గుర్తు నీలికోటువాళ్ళకీ తెలిసిపోయింది లెండి. సిలువలా ఆగిన మర కనపడితే తగలబెడుతున్నారు, నడిపేవాళ్ళని అక్కడే కాల్చేస్తున్నారు. అందుకే పిల్లని పిన్ని దగ్గరికి పంపేశాను.

నేనా? నేనెలా వస్తాను? రెక్కల్ని ఆపే అడ్డుచెక్క విరిగిపోయింది. నేను పట్టుకున్న ఈ తాడు వదిల్తే రెక్కలు తిరుగుతాయి, దారి బాగుందనుకుని అతను నేరుగా వచ్చి వాళ్ళ చేతిలో పడతాడు.

మీరు వెనక మెట్లమ్మట దిగిపోండి. వాళ్ళు కొండెక్కుతున్నట్టున్నారు, మాటలు వినపడుతున్నాయి. రెక్కలు ఎవరు నిలబెట్టారని ఉర్బేన్ అడిగితే మటుకు గాలే ఆగిపోయిందనండి. నేనని చెప్పకండి. పెళ్ళాన్ని కాదన్నవాడికి, నేను పెళ్ళాంలా చచ్చానని తెలియకూడదు.