ఫ్లోరెన్స్ చేతుల కట్లు

నా పేరు ప్రేమలీల. తండ్రి యేసుదానం. వయసు ముప్పై నాలుగు. వన్ టౌన్‌లో ఉంటూ బట్టలు కుడతాను. 1986 ఫిబ్రవరి 12న ఎస్సై గంగాధరరావు గారు అడగగా చెబుతున్నాను.

ఫ్లోరెన్స్ నా చెల్లెలు, వయసొచ్చిన మనిషే. మాటలు తక్కువ. వెలుతురుకు ఎదురుగా వేళ్లు ఆడిస్తూ కూర్చుంటుంది. ఓడ కూత వేసినా, వీధిలో గోల పెరిగినా ఇంకా వేగంగా ఆడిస్తుంది. కాసేపటికి ముఖం తేటపడుతుంది. నీళ్ల అడుగున ఉన్న మనిషిలా నవ్వుతుంది. డాక్టరు దీన్ని ఆటిజం అన్నారు. ఒక్కోసారి మణికట్టు గోడకు రుద్దుకుంటుంది. తోలు లేస్తుంది కనుక అది ఆపి, చేతిలో మెత్తని గుడ్డ పెడతాను. వేళ్లను మాత్రం ఆపలేదు.

మా అన్న సుందర్ రాజ్ పోర్టులో పనిచేస్తాడు. ఆమెను చూసి నలుగురూ నవ్వుతున్నారని బాధపడేవాడు. ఈ అలవాటు మాన్పిస్తానన్న అర్జునరావు మాట నమ్మి, మధురవాడలో ఇలాంటి వాళ్ల కోసం అతను నడిపే ఇంట్లో పోయిన వారం చెల్లెలిని ఉంచాడు.

నిన్న ఉదయం చూడబోయాను. ఆమె చేతులు మంచం పట్టెకు కట్టి ఉన్నాయి. తల వెనక గోడకు కొట్టుకుంటోంది. అన్నం ముట్టలేదట.

"ఆడించడం మానీసింది, సూసినారా?" అన్నాడు అర్జునరావు.

మానలేదు. కట్టిన గుడ్డ కింద వేళ్లు కదులుతూనే ఉన్నాయి. నా సంచిలోని కత్తెరతో కట్లు కోశాను. కత్తెర చూపి బెదిరించానని అతను ఇచ్చిన ఫిర్యాదు అబద్ధం. అతను అడ్డు వస్తే పక్కకు నెట్టిన మాట నిజం.

ఎప్పుడూ వెళ్లే చోటు కనుక బీచికి తీసుకెళ్లాను. ముందు ఆమె చేతులు పైకి లేవలేదు. తర్వాత ఒక్కో వేలూ కదిలింది. ముఖం మీద ఎండా నీడా, ఎండా నీడా. దూరంగా ఓడలు గాలిలో నిలిచినట్టున్నాయి. నాకూ పొద్దు తెలియలేదు.

అన్న వెతుక్కుంటూ వచ్చాడు. "ఏటమ్మా ఇలగ సేసినావు? ఆడు కేసు పెట్టీసినాడు."

"దాని సేతులు సూడన్నా."

మణికట్ల మీద నల్లటి చారలు చూసి ఇసకలో ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె వేళ్ల వైపు చూసి, "ఏటి సూత్తంది?" అన్నాడు.

"నువ్వూ సూడు."

అన్న తన చెయ్యి ఎండకు ఎత్తి వేళ్లు ఆడించాడు. బండబారిన వేళ్లు. ఫ్లోరెన్స్ జరిగి వచ్చి, వాటి సందుల్లోంచి చూసింది.

కేసు ఉందని ముగ్గురం ఈ స్టేషనుకు వచ్చాం. ఆమెను మళ్లీ అర్జునరావు దగ్గరికి పంపనని అన్న మీ ముందే చెప్పాడు. నన్ను లాకప్‌లో ఉంచినా సరే, ఆమెను అన్నతో ఇంటికి పంపండి.

చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం.

(సంతకం) ప్రేమలీల