మిరపకాయల ఓడ

ఆ పూట రేవు పక్క టీకొట్టు బల్ల మీద కొత్తమనిషి కూర్చున్నాడు. రేవులో ఆగిన తెరచాప ఓడని నడిపించే సరంగు. సరుకెక్కడం అయిపోయింది, మధ్యాహ్నం పోటుకి బయల్దేరాలి, తీరా చూస్తే ఒక మనిషి తక్కువయ్యాడట. ఆ మాట చెవిన పడ్డప్పట్నుంచీ నూలు మేస్త్రికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఓడ చెక్కల సందుల్లో నూలు కూరి గుగ్గిలం పట్టించడం నలభై ఏళ్లుగా ఆయన పని. పని పూర్తయ్యాక ఓడ తన దారిన తను పోతుంది, మేస్త్రి ఒడ్డున మిగిలిపోతాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఎక్కాలని ఆయన ప్రాణం కొట్టుకులాడుతుంది.

నోరు తెరిచి అడగడం చేతకాక, అలవాటు చొప్పున కోతలకి దిగాడు.

"నేనూ వెళ్లానండి ఒకసారి, ఏదో చిన్న ప్రయాణం. మిరపకాయల లోడు. మూడోరోజు అడుగున చిల్లు పడింది. కాస్త నూలు కూరాను, ఆగిపోయింది. అంతే."

"అంతేనా?" బస్తాలు మోసే హమాలీ నీరుగారిపోయాడు.

"అంతే ఎలా అవుతుందిరా! ఆ నూలు కాస్తా ఓ చేప లాక్కుపోయింది. తలపాగా కుక్కాను, అదీ పోయింది. ఇక లాభం లేదని నేనే వెళ్లి చిల్లులో కూర్చున్నా. ఏడు రోజులు! కిందినించి చేపలు చక్కిలిగింతలు పెడుతుంటే నవ్వాపుకుంటూ అక్కడే అన్నం తిన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి పడిపోయింది. ఆకు కదిలితే ఒట్టు."

"నడిసముద్రంలో ఆకెక్కడిది బావా?" అన్నాడు టీ వడపోస్తున్న బావమరిది.

"నువ్వు నీ టీ సంగతి చూసుకో! అప్పుడు నేను కూర్చున్నచోటు నించి లేవకుండానే ఓ బస్తా విప్పించి, పదిమందినీ తెరచాప వెనక నిలబెట్టి, కారం ఎగరేయించా. అందరూ ఒక్కసారి తుమ్మారు చూడండీ, ఓడ ఆమడ దూరం ఉరికింది! రెండో బస్తా ఘాటు తిమింగలానికి తగిలింది. అది తుమ్మిన తుమ్ముకి ఓడ మబ్బుల్లోకి లేచి, మేం దిగాల్సిన రేవు దాటి పై రేవులో పడింది. వెనక్కి రావడానికి మూడో బస్తా విప్పాల్సొచ్చింది!"

బల్ల బల్లంతా నవ్వింది. మేస్త్రి కళ్లు మాత్రం సరంగు మీదే ఉన్నాయి.

సరంగు గ్లాసు కింద పెట్టాడు. "ఓడలో పడక ఎక్కడ వేసుకునేవారు పెద్దాయనా?"

"కింద గదిలో," తడుముకోకుండా అన్నాడు మేస్త్రి.

"కిందంతా సరుకు నింపాక గదెక్కడిది? మేమంతా పైన, ఆకాశం కిందే పడుకుంటాం. మీరు ఓడెక్కనేలేదు." ఆయన గొంతులో కోపం లేదు. "ఎక్కినవాళ్లు నాకు పదిమంది ఉన్నారు. సందులు కూరే మనిషి కోసం వచ్చాను. ఎన్నడూ ఎక్కకపోయినా ఫర్వాలేదు. కానీ అడుగున నీరెంత వచ్చిందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

లేచి రేవువైపు నడిచాడు.

నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రి తల దించుకున్నాడు.

"ఆకాశం కిందటరా," అన్నాడు బావమరిదితో. "ఇన్నేళ్లూ ఎవరూ రమ్మనలేదు. వస్తానని అడగడానికి నాకు నోరు రాలేదు."

"ఆ ముక్క నాకు చెప్తావేం బావా? పరిగెత్తి ఆయనకి చెప్పు!"

మేస్త్రి చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాడు. మూటలు దించేవాళ్లూ, తాళ్లు చుట్టేవాళ్లూ పని ఆపి చూశారు. ఆయనకి సిగ్గనిపించలేదు. రేవంతా వినబడేలా అరిచాడు.

"సరంగు గారూ! నేనెప్పుడూ ఓడ ఎక్కలేదండీ! ఎక్కాలనుందండీ!"