ఇస్సాకు గడ్డివామి

జక్రయ్య తాటిచెట్టు మీదనించి పడ్డాడంట. పడితే పడ్డాడు, ఎందుకెక్కాడో అది వినండి. తెల్లారితే మట్టల ఆదివారం, చర్చికి మట్టలు కొట్టుకురావడానికి ఎక్కాడు. యెరూషలేములో ఖర్జూరపు మట్టలు పట్టుకున్నారని గ్రంథంలో ఉంది గానీ మనకి ఖర్జూరాలెక్కడివి, కాలవగట్టు పొడుగునా తాటిచెట్లేగా, అందుకని మా వైపు తాటిమట్టలు పట్టుకునే హోసన్నా అంటారు. వాటి అంచు రంపంలాగుంటది, పిల్లలు చేతులు గీసుకుని పాట మధ్యలో ఏడుస్తారు, అది వేరే కథ. ఏమైందంటే, కాలు జారి తిన్నగా ఇస్సాకు గడ్డివామి మీద పడ్డాడు. వామి మీదనించి జారి కింద కాలు విరగ్గొట్టుకున్నాడు గానీ ప్రాణం దక్కింది. ఇస్సాకు వరసకి బావ. కట్టుకున్న గోచీతోటే పరిగెత్తుకొచ్చి, నులకమంచం మీద వేసి, దారిన పోయేవాళ్ళని కేకేసి, చేలగట్లెమ్మట మోసుకుంటా బస్తీ ఆసుపత్రికి చేర్చాడు. కట్టు కట్టిందాకా, ఆ కట్టు విప్పిందాకా, ఆసుపత్రి వరండాలోనే తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నాడంట పాపం.

దేవుడు చేసిన మేలు చర్చిలో లేచి చెప్పుకుంటారు, దాన్నే సాక్ష్యం అంటారు. మొదటి యేడు జక్రయ్య ఉన్నదున్నట్టే చెప్పాడు. జనం విన్నారు, ఆవలించారు. మరుసటేడు పాస్టరుగారు పక్కకి పిలిచి, జక్రయ్యా, గడ్డి గురించి ఎక్కువైపోతుందయ్యా, దేవుడికి మహిమ వచ్చేట్టు చెప్పు అన్నాడంట. సరే గదా అని ఆసుపత్రి తీసేశాడు. ఆపై యేడు మంచం పోయింది. ఆ తర్వాత గడ్డివామి కూడా పోయి, దాని చోట తెల్లటి రెక్కలు వచ్చినయ్యి. "సగం దూరం పడేసరికి రెండు చేతులు నన్ను పట్టుకున్నయ్యి సోదరులారా! మనిషన్నవాడు ఒక్కడు రాలేదు! మందు లేదు, కట్టు లేదు!" అనేవాడు. అసలు సంగతి తెలిసినవాళ్ళు కూడా యేళ్ళ తరబడి వినీవినీ రెక్కలే నమ్మారు. ఆడవాళ్ళు ముసుగు కొంగుతో కళ్ళొత్తుకునేవాళ్ళు. పక్కూళ్ళ సభలక్కూడా పిలుపులొచ్చినయ్యి, సంఘ పెద్దని కూడా చేశారు. పెళ్ళాం మటుకు అన్నం వడ్డిస్తా అనేదంట, మనిషిని మింగేసి దేవుడికి అప్పజెబుతున్నావు, నీకు అరుగుద్దో లేదో అని.

ఇదంతా చాప మీద కూచుని ఇస్సాకు వినాలి గదా. మనిషన్నవాడు ఒక్కడు రాలేదంటే మొదట్లో నవ్వుకున్నాడు. తర్వాత వెనక చాపకి జరిగాడు. ఆ తర్వాత గుమ్మం దగ్గర చెప్పుల పక్కకి చేరాడు. ప్రభువు బల్ల తీసుకునే ఆదివారం, ఆయన జ్ఞాపకంగా ఇచ్చే రొట్టె తినేముందు ఒకళ్ళకొకళ్ళు చేతులిచ్చి వందనాలు చెప్పుకుంటారు గదా, మనసులో పగ పెట్టుకుని ఆ రొట్టె తినకూడదని. జక్రయ్య ఎదురొచ్చేసరికి ఇస్సాకు తుండుగుడ్డ దులుపుకుంటా తల తిప్పేసేవాడు. ఆ రొట్టె ముక్క జక్రయ్యకి గొంతు దిగేది కాదు. చెప్పేద్దాం అనుకునేవాడు. చెబితే ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలడా, సంఘ పెద్దగా ఉండనిస్తారా? నేను బందరు కాలేజీలో చదివేటప్పుడు మా లెక్చరరు ఒకాయన అనేవాడు, అబద్ధం ఒంటరిగా రాదురా, చుట్టాల్ని వెంటబెట్టుకొస్తుంది, వాళ్ళు ఓ పట్టాన పోరు అని. ఆయన పేరు గుర్తురావట్లా. సర్లే.

ఇట్లా ఉండగా మళ్ళా మట్టల ఆదివారం ముందురోజు వచ్చింది. ఈసారి చెట్టెక్కింది సంతోషమ్మ కొడుకు బర్నబా. మొగుడు పోయాక ఆ ఊరు చేరిన మనిషి, ఒక్కడే కొడుకు, జక్రయ్య పడ్డనాటికి అక్కడ లేదు. వాడూ జారాడు. సగందాకే ఎక్కాడు గానీ కింద వామి లేదు, గట్టినేల. మోకాలి కింద ఎముక విరిగింది. నలుగురూ ఆసుపత్రికంటే సంతోషమ్మ గుమ్మానికి అడ్డం నిలబడ్డదంట. "ఏ ఆసుపత్రి? జక్రయ్య మావయ్య ఏ ఆసుపత్రికెళ్ళాడు? నా విశ్వాసం ఆయనకంటే తక్కువా? ఆయన్ని పిలవండి, చెయ్యేసి ప్రార్థన చేస్తాడు!"

జక్రయ్య బైబిలు చంకలో పెట్టుకుని వచ్చాడు. వచ్చి చూశాడు. పిల్లాడి పాదం నీలంగా తిరిగింది, పట్టుకుంటే చల్లగా తగిలింది. మోకాళ్ళూనాడు. ప్రభువా అన్నాడు. కాలి మీద వెయ్యబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడంట. సంతోషమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని, "మావయ్యా, ఆ చేతుల మాట చెప్పు, వాడు ధైర్యం తెచ్చుకుంటాడు" అంది. పిల్లాడు కూడా కళ్ళు తెరిచి ఈయన నోటివంకే చూస్తన్నాడు. జక్రయ్య తలతిప్పాడు. దడి అవతల ఇస్సాకు నిలబడి ఉన్నాడు. నెత్తిమీద మంచం. అదే నులకమంచం. ఎవరూ పిలవలా.

"సంతోషమ్మా, నన్ను ఏ చేతులూ పట్టుకోలేదే" అన్నాడు జక్రయ్య. "మరి?" "గడ్డివామి. ఇస్సాకుది. వాడే నన్ను ఆసుపత్రికి మోశాడు. కాలికి కట్టేసి నెలల తరబడి పడుకోబెట్టారు." "మరిన్నాళ్ళూ చెప్పిందో?" "అబద్ధమే. దేవుడికి గొప్పగా ఉంటదని మొదలెట్టా, నాకు గొప్పగా ఉంటే ఆపలేకపోయా." సంతోషమ్మ లేచిందయ్యా! "నీ నోరు పడిపోను! నా బిడ్డని చంపబోయావు గదరా ముసలోడా!" అని దుమ్మెత్తిపోసింది. ఇస్సాకు మంచం దించి, "తిట్లు దాచుకో అమ్మాయ్, దార్లో తిడుదువుగాని. ముందు ఆ కాలు కదలకుండా పట్టుకో" అన్నాడు.

మంచం ముందు కోడు జక్రయ్య పట్టాడు, కుంటికాలేసుకుని. వద్దన్నా వినలా. దార్లో సగం దూరం పోయాక రొప్పుతా అడిగాడంట, బావా, ఆ రోజు నేనూ ఇంత బరువున్నానా అని. "ఇంతకి రెండింతలు. పైగా ఊరుదాటిందాకా బూతులు తిట్టావు, మెల్లిగా మొయ్యరా దున్నపోతా అని. అది కూడా సాక్ష్యంలో చెప్పు" అన్నాడు ఇస్సాకు. ఏడవాలో నవ్వాలో తెలియక జక్రయ్య రెండూ చేశాడంట, మంచం మటుకు వదల్లా. ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఇంకాస్త ఆగితే కాలు తీసెయ్యాల్సొచ్చేది, ఫర్వాలేదు, నిలబడుద్ది అంది. అప్పుడు సంతోషమ్మ వరండాలో కూలబడి, ఇద్దరు ముసలాళ్ళకీ టీ తెప్పించింది. ఒకడికి తిట్టుకుంటానే ఇచ్చింది, అయినా ఇచ్చింది.

పొద్దున మట్టల ఆదివారం. జక్రయ్య చర్చిలో లేచాడు. "దేవుడు నాకు దూతనే పంపాడు. కాకపోతే ఆ దూత గోచీ పెట్టుకుని బీడీ వాసన కొడతా వచ్చాడు. ఆ మాట చెప్పడానికి నాకు నామోషీ అయింది. నన్ను పెద్దరికం నించి తీసేస్తే తీసెయ్యండి" అన్నాడు. పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటా, ఆ గడ్డి తీసెయ్యమన్నది నేనేలే, తీసేస్తే ముందు నన్ను తియ్యాలి అన్నాడు. అప్పుడు గుమ్మం దగ్గర చెప్పుల్లోంచి ఇస్సాకు లేచొచ్చి చెయ్యిచ్చాడు. "వందనాలు బావా." ఆ వేళ బల్ల దగ్గర రొట్టె నున్నగా దిగిందంట జక్రయ్యకి. అంత తేలిక చెట్టుమీదనించి పడ్డప్పుడు కూడా లేదు అనేవాడు.

ఇప్పుడు జక్రయ్య సాక్ష్యం రెండు ముక్కల్లో అయిపోద్ది, ఇంటికెళ్ళేసరికి కూర ఇంకా వేడిగానే ఉంటది. కాకపోతే ఆయన కూచోగానే ఇస్సాకు లేస్తాడు, గడ్డివామి సంగతి నేను చెబుతానని. మొదట్లో వామి నిలువెత్తు అన్నాడు. తర్వాత రెండు నిలువులన్నాడు. మొన్నటి మట్టల ఆదివారానికి చర్చి గంట దాకా వచ్చింది. జక్రయ్య ముందు చాపలో కూచుని ఆమెన్ అంటాడు. ఏం చేస్తాడు మరి, ఎత్తెంతో పడ్డవాడికి తెలుసు గదా.