నత్తి పట్టిన ఆట

"వద్దులే మునీర్, ఇంకో రోజు చూద్దాం."

ఆదివారం పొద్దున, బోగోలులో ఉషారాణి వాళ్ళ ఇల్లు. కావలిలో కంప్యూటర్ల షాపు నడిపే మునీర్, కంప్యూటర్లో ఆట బొమ్మలను ఆగకుండా పరిగెత్తించే గ్రాఫిక్స్ కార్డు పెట్టె చంకలో పెట్టుకుని హాల్లో నిలబడ్డాడు. అతనికీ, మూలనున్న భర్త నరేంద్ర ఆటల కంప్యూటరుకీ మధ్య చీపురు పట్టుకుని ఉషారాణి నిలబడింది. మాట మామూలుగా ఉండాలని ఆమె తాపత్రయం.

"ఇంకో రోజంటే ఎవురో ఒకరు ఎగరేసుకోని పోతారు వదినా. కోవూరులో ఒకాయన ఆడేది మానేసి అమ్మేసినాడు. ముందు మా నరేంద్రన్నకే అని ఇంకెవురికీ చూపించను కూడా చూపించలా. నువ్వట్ట పక్కకి జరిగితే చిటికెలో బిగించేసి పోతా."

"దుమ్ముండాది. తుడవాల."

"నేను తుడస్తాలే. బ్రష్షు తెచ్చినా."

"ఇప్పుడు కరెంటు పోతాది."

"కరెంటు తీసేసే గదా వదినా బిగించేది!"

"...దోసె తిన్నావా? కారం దోసె పోస్తా, వంటింట్లోకి రా."

"తినే వచ్చినా. అన్న యాడ?"

"స్నానం చేస్తా ఉండాడు. ఆయన్ని అడక్కుండా దాన్ని ముట్టుకోవద్దు. ఆయనకి అదంటే ప్రాణం, నీకు తెలుసు గదా."

"అడక్కుండా యాడ తెచ్చినా! శివరాత్రి అయిన కాడి నుంచి నా షాపు చుట్టూ తిరిగినాడు. 'రే మునీరూ, ఆట నత్తి కొడతా ఉండాది, ఈ పాత కార్డు పనికిరాదు, మంచిదొకటి చూడరా' అని ఒకటే పోరు. ఇదిగో, వచ్చినాడు. అన్నా! చూడు ఏం తెచ్చినానో!"

"ఏందిరా పొద్దున్నే... ఓ. కార్డా."

"కార్డా అంటావేందన్నా, కాకరకాయ కూరా అన్నట్టు!"

"కాదురా, బాగుండాది. చానా బాగుండాది. ఇవాళే బిగియ్యాల్నా?"

"అదే నేనూ అంటా ఉండా ఏమండీ."

"దీనికి మన కంప్యూటర్లో ఉండే పవర్ సప్లై చాలదేమో రా."

"చాలతాది. అది ఏసిందే నేను గదా."

"లోపల పట్టదేమో. పొడుగ్గా ఉండాదే ఇది."

"పట్టదండీ. చూస్తేనే తెలస్తా ఉంది."

"వదినా, ఆ క్యాబినెట్టు తెచ్చిందీ నేనే. ఇది పెట్టినాక ఇంకా రెండు వేళ్ళ సందు మిగలతాది."

"మన ఊళ్ళో ఉప్పు గాలి గదరా. తుప్పు పడతాది."

"మరి పాత కార్డుకి పట్టలేదే?"

"దానికి అలవాటైపోయింది."

"ఏందన్నా నువ్వు! కార్డు కావాలని మొగుడు, వద్దని పెళ్ళాం కొట్టుకునేది చానా ఇళ్ళల్లో చూసినా. ఇద్దరూ ఒక్క మాట మీద ఉండి వద్దనేది ఇదే చూడ్డం. నీతో ఆడే ఆ సుబ్బు నిన్న ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసినాడు, తెలుసా?"

"వాడికేం పొయ్యేకాలం?"

"మీ టీముకి కెప్టెన్‌వి నువ్వేనంట గదా. ఆటలో వంతెన మీద అందరూ పరిగెత్తతా ఉంటే నువ్వు మధ్యలో దిష్టిబొమ్మ మాదిరి నిలబడిపోతావంట. నీ వెనకాల వచ్చేవాళ్ళు నీకు తగులుకోని ఏట్లో పడతారంట. 'మునీరన్నా, మా కెప్టెన్‌ని బాగు చెయ్యి, నీకు పుణ్యముంటాది' అన్నాడు."

"వేరే కెప్టెన్‌ని చూసుకోమను వాణ్ణి."

"అన్నా! ఈ మాట అనేది నువ్వేనా? పెళ్ళి పందిట్లో గూడా టోర్నమెంటు స్కోరు అడిగినోడివి!"

"పెళ్ళి పందిట్లోనా?"

"అంటే... తాళి కట్టేటప్పుడు కాదులే వదినా. భోజనాలప్పుడు."

"రే, నువ్వు కార్డు అమ్మేదానికి వచ్చినావా, నా కాపరం కూల్చేదానికి వచ్చినావా?"

"సరే, కొత్తది వద్దు. పెట్టె తెరవను. పాతదాన్ని ఒక్కసారి ఆడించి చూడనీ. దానికి నత్తి ఎందుకు పట్టిందో తెలుసుకోకుండా పోతే నాకు అన్నం సయించదు. ఆన్ చేస్తా ఉండా."

"ఆన్ చేసి చూడరా. చూసి పో, అంతే."

"ఊ... వచ్చింది. అబ్బా! నిజంగానే నత్తి. అడుగడుక్కీ ఆగతా ఉండాడే వీడు. ఇట్ట ఎట్ట ఆడతా ఉండావన్నా ఇన్నాళ్ళూ?"

"కొంచెం సేపే ఆడతాలే. విసుగొస్తే లేచి పోతా."

"యాడికి?"

"మిద్దె మీదికి."

"మిద్దె మీద ఏముండాది?"

"గాలి."

"బిట్రగుంట వైపు పోయే రైళ్ళు కూడా కనిపిస్తాయి మునీర్."

"గాలీ, రైళ్ళూ. బాగుండాది. ఈ డబ్బా పక్క మూత తీస్తే... ఆగు, ఆగు. ఇదేంది? కార్డు చల్లగా ఉండాదే! ఇంతసేపు ఆట ఆడించినాక చెయ్యి పెట్టలేనంత కాలాల. ఫ్యాను కూడా తిరగడం లేదు. కొత్త కడవ మాదిరి చల్లగా నిద్రపోతా ఉండాది. వెనకేముందో చూడాల. ఈ టేబులు కొంచెం ఇట్ట..."

"టేబులు జరపద్దు!"

"టేబులు జరపాకరా!"

"...ఇద్దరూ ఒకేసారి అరిచినారేంది?"

"దాని వెనక బల్లి ఉండాది."

"తేలు రా, తేలు."

"బల్లా, తేలా? ముందు మీరిద్దరూ ఒకటనుకోండి... జరిపినా. రెండూ లేవు. ఇదిగో, దొరికింది! అన్నా, ఈ స్క్రీను వైరు యాడ పెట్టుకున్నారు మీరు? కింద కార్డుకి పెట్టాల్సింది తీసుకుపోయి పైన మదర్‌బోర్డుకి పెట్టినారు! స్క్రీనుకి కార్డుతో సంబంధమే లేదు. గుంట తవ్వేదానికి జేసీబీ తెచ్చి గట్టు మీద నిలబెట్టి, గరిటెతో తవ్వతా ఉండారు ఇన్ని నెలలూ. ఎవురు పెట్టింది ఇట్ట?"

"పోనీలేరా. ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తెస్తా ఉండు."

"మీరు కూర్చోండి. చెప్పేస్తా. నేనే మునీర్."

"నువ్వా వదినా?"

"పెళ్ళైన కొత్తలో ఈయన రొయ్యల గుంటల కాడి నుంచి వస్తానే చెవులకి అవి తగిలించుకోని దీని ముందు కూర్చునేవాడు. మనుబోలు నుంచి వచ్చినదాన్ని, ఈ ఊళ్ళో నాకెవురు తెలుసు? మంచీ చెడ్డా ఏం చెప్పుకున్నా ఈయన వీపుతోనే. ఊ అంటే ఆ ఊ నాకో, ఆటలోవాళ్ళకో తెలిసేది కాదు."

"ఉషా, అంత..."

"అంతే. శివరాత్రికి ఇల్లు దులపతా ఉంటే ఆ వైరు ఊడొచ్చింది. కనిపించిన బొక్కలో పెట్టేసినా. పెంచలకోన సామి తోడు, తెలిసి పెట్టలా. ఆ సాయంత్రం ఆట నత్తి కొట్టింది. ఈయన విసుక్కుంటా లేచి మిద్దె మీదికొచ్చినాడు. నా మొకం చూసి, 'నీ చెంప మీద పుట్టుమచ్చ ఉండాదే!' అన్నాడు. పెళ్ళైన ఐదో నెలలో!"

"అన్నా!"

"హాల్లో లైటు తక్కువ రా."

"తర్వాత ఫోన్లో చూసి తెలుసుకున్నా, వైరు తప్పు పెట్టినానని. తెలిసీ గమ్మున ఉండిపోయినా. అది మాత్రం నా తప్పే. రోజూ మిద్దె మీద కూర్చోని మాట్లాడుకుంటా ఉంటే చెప్ప బుద్ధి కాలా. కానీ ఆ సుబ్బు వాళ్ళు ఫోన్ చేసి ఈయన్ని నోటికొచ్చినట్టు తిట్టేది వినలేకపోయినా. కెప్టెన్ కెప్టెన్ అన్న నోళ్ళతోనే! అందుకే ఈయన కోవూరుకి పెళ్ళికి పోయినప్పుడు, నేనే తీసి మళ్ళా కార్డుకి పెట్టేసినా."

"పెట్టేసినావా?"

"పెట్టేసినా. ఈయన వచ్చినాక ఆ సాయంత్రం ఎంత బాగా ఆడిందనుకున్నావు! కేకలే కేకలు. మర్నాటి నుంచి మళ్ళా నత్తి. నేను వైరు అటూ ఇటూ మార్చినందుకే లోపల కార్డు కాలిపోయిందనుకున్నా. నువ్వు చూస్తే బయట పడతాదని ముట్టుకోనీలా. నిజంగా దానికేం కాలేదా మునీర్?"

"కార్డు రాయి మాదిరి ఉండాది వదినా. దానికేం కాదు. కానీ ఆగు. నువ్వు కార్డుకి పెట్టేసినావు గదా?"

"ఆ. కింది బొక్కలో. ఒకటికి రెండుసార్లు చూసుకోని మరీ పెట్టినా."

"మరి ఇప్పుడు పైన ఉండాదే."

"అదేంది... నేను మళ్ళా దాని జోలికే పోలేదే! ఏమండీ?"

"మజ్జిగ తెస్తానంటిని గదా, పోయి..."

"అన్నా, ఈ ఇంట్లో ఉండేది మీరిద్దరేనా?"

"ఏమండీ. యాడికి పోతా ఉండారు? ఇట్ట చూడండి. నా వైపు."

"ఏం చూసేది ఉషా... ఆ పొద్దు ఆట గాలి మాదిరి పోయింది, నేను లేయనే లేదు. అంతా అయినాక మిద్దె మీదికి వస్తే, నువ్వు నా చాప కూడా పరిచిపెట్టి, నీ చాప మీద నిద్రపోతా ఉండావు. తెల్లారి టేబులు జరిపి చూస్తే పై బొక్క చుట్టూ దుమ్ము చెదిరి ఉండాది, వైరు కిందికి మారిన సంగతి అర్థమైంది. నేనే తీసి పై బొక్కలో పెట్టుకున్నా."