బావి అడుగు ఫోటో

1987 మే నెల. మంగళవాడలో ఒక బావి అడుగున, నీళ్లలో తీసిన ఫోటో పావగడ స్టూడియోలో మధ్యాహ్నానికి ఆరింది. ఊట చచ్చిందని, సాయంత్రం బావిని పూడ్పిస్తానని మొగుడు పట్టుబట్టడంతో, ఫోటోలు తీసే తమ్ముణ్ణి అక్కే బావిలో దింపింది.

"కెమెరా తడవలేదాప్పా?"

"లారీ ట్యూబులో పెట్టి, ముందర అద్దం అతికించినా కదక్కా. తెల్లోళ్లు నూరేండ్ల కిందే సముద్రంలో తీసినారంట."

"సముద్రం సంగతి నాకేల? ఈ పొగ మాదిరి ఉండేదేంది?"

"ఇసుక. రాతి సందులో ఊట తోస్తాంటే పైకి లేస్తాండాది."

"అంటే ఊట బతికే ఉండాది! 'నువ్వు అడుక్కి పోయి చూసినావా' అన్నాడు మీ బావ. ఆ ఫోటో ఇయ్యి ఇట్ల!"

"నేనూ వస్తానుండక్కా. ఇది చూసేటప్పుడు బావ మొగం ఇంకో ఫోటో తీయల్ల."

సాయంత్రం మట్టి తెచ్చిన ట్రాక్టరు నిండుగానే వెనక్కి పోయింది.