మొప్ప ఎత్తి చూపించు

విజయనగరంలో ఒక కారు సామాన్ల కొట్టు. బల్ల మీద రెండు ఇంటర్‌కూలర్ కిట్లు. బేరమాడుతున్నది చేపలు అమ్మే మనిషి.

"సెట్టిగారూ, ఎనక సీటు తీసేసి ఐసు పెట్టెలు ఎక్కిత్తే నా టర్బో కారు ఎండలో లాగడం లేదు. లారీలోళ్లు నాకంటే ముందే రాజాం సంతకి సేరిపోతన్నారు. ఇంజన్లోకెళ్లే గాలి సల్లబడ్డానికి బంపర్‌లో కూలర్ ఎట్టమన్నాడు మేస్త్రీ."

"ఈ పెద్దది పట్టుకెళ్లమ్మా. నలభై వేలు."

"ఆ సిన్నది?"

"పధ్నాలుగు. పేరులేని సరుకు. నీకు తెలీదు గానీ మీ ఆయన్ని పంపు."

"ఆయనకి వల తెలుసు, కారు నాకు తెలుసు. పెద్దదాని మొప్పలు సూడండి, ఎంత ఇరుగ్గా ఉన్నాయో. మా సముద్రపొడ్డు ఇసక దూరితే గాలేటి ఆడతాది? పైగా రేడియేటర్‌కి అడ్డం."

"మొప్పలు కావమ్మా, ఫిన్నులు. గాలి తగిలే రేకులు."

"ఊపిరి అక్కడే కదా. సిన్నదాని గొట్టాలు మూసి, గాలికొట్టి, నీళ్లలో ముంచండి. బుడగొస్తే వద్దు."

"కొత్త సరుకు ముంచి అమ్మం."

"నేను మొప్ప ఎత్తి ఎరుపు సూపించకుండా ఒక్క సేపా అమ్మలేదు. మీరు ముంచకుంటే నేను కొనను."

సెట్టి చిన్నదానికి గాలికొట్టి తొట్టిలో ముంచాడు. కొంతసేపటికి నీళ్లు కదలడం ఆగింది.

"బుడగ లేదమ్మా. బిల్లు మీ ఆయన పేరునేనా?"

"నా పేరున. ఈ సంతకి లారీలోళ్లు నా ఎనకే రావాల."